ఐదో తరగతి లోపు పిల్లల రోబోటిక్స్ క్లబ్: పోటీకి ఏడు వారాలే ఉంది, మా రోబో ఎడమకే పోతోంది

అనంత_టీచరమ్మ (అనంతపురం)

అందరికీ నమస్తే. ఏడాదిగా ఈ ఫోరంలో పోస్టులు చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదలు.

మా ప్రైమరీ స్కూల్లో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో జూన్‌లో రోబోటిక్స్ క్లబ్ పెట్టాను. నేను డీఈడీ చేసిన మామూలు టీచర్ని. కరెంటు పనుల్లో నాకు తెలిసింది బల్బు మార్చడం ఒక్కటే. మా స్కూల్లోనే చదువుకుని ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒకాయన స్పైక్ ప్రైమ్ అనే లెగో రోబో కిట్ కొనిచ్చారు. అది కాక ఆర్డ్యునో అనే చిన్న కంట్రోలు బోర్డు పెట్టిన బండ్లు రెండున్నాయి. పిల్లలేమో పదహారు మంది.

ఏడు వారాల్లో ఇక్కడి ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పోటీ. ఐదో తరగతి లోపు వాళ్లకు వేరే విభాగం పెట్టారు. రోబో నల్లగీత మీద నడుస్తూ, దారిలో ఉన్న రెండు డబ్బాలను పక్కకు తోసి, చివరి గడిలో ఆగాలి. 2 నిమిషాలు టైము.

నా కష్టాలు మూడు. స్పైక్ రోబోను తిన్నగా పొమ్మంటే మీటరు పోయేలోపు జానెడు ఎడమకు జరుగుతోంది. రెండోది, నలుగురు మగపిల్లలు కిట్ వదలరు, ఆడపిల్లల చేతికి నోటుబుక్కు ఇచ్చి 'మీరు రాయండి' అంటారు. మూడోది, ఒక పిల్లాడి నాన్న ఇంజినీరు. 'మేడం, ఒక్క రాత్రి మా ఇంటికివ్వండి, ఫస్టు ప్రైజు వచ్చేలా చేసి తెస్తా' అంటున్నారు. ఇవ్వాలా, వద్దా?

---

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

స్వాగతం మేడం. నేను ఆరేళ్లుగా స్కూలు టీముల వెంట తిరుగుతున్నాను. మొదటి కష్టానికి మాత్రం ఇప్పుడే చెప్తా.

రోబో పక్కకు పోతే అందరూ ముందు ప్రోగ్రాంలో వేలు పెడతారు. కుడి మోటారు వేగం రెండు తగ్గించి, ఎడమది ఒకటి పెంచి... అట్లా చేయొద్దు. స్పైక్ మోటార్లు ఎంత తిరిగాయో అవే లెక్క పెట్టుకుంటాయి, రెండు చక్రాలనూ కలిపి నడిపే బ్లాకు వాడితే వేగం అదే సర్దుకుంటుంది. అయినా పక్కకు పోతోందంటే తొంభై పాళ్లు లోపం కట్టడంలోనే ఉంటుంది.

ముందు చక్రానికీ ఫ్రేముకూ మధ్య నోటుబుక్కు కాగితం ముక్క దూర్చి చూడండి. రెండు వైపులా సులువుగా జారాలి. ఒక వైపు ఇరుక్కుంటే ఇరుసును లోపలికి మరీ గట్టిగా నొక్కేశారని అర్థం. తర్వాత వెనక ఉన్న గోళీ చక్రం ఊడదీసి చూడండి. ఆఖర్న టైర్లు తడిగుడ్డతో తుడవండి. మన క్లాసురూముల్లో చాక్‌పీసు పొడి, బయటి నుంచి వచ్చే దుమ్ము కలిసి రబ్బరు మీద పూత పూసినట్టు పడుతుంది. ఒక చక్రం పట్టు తప్పితే చాలు.

ఇవన్నీ పిల్లలతోనే చేయించండి. మీరు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడండి. అదే కష్టం, నాకు తెలుసు.

---

అనంత_టీచరమ్మ

సార్, గోళీ చక్రం ఊడదీశాం. లోపల వెంట్రుకలు, చాక్‌పీసు పొడి ఉండ కట్టి ఉన్నాయి. అంత పొడుగు వెంట్రుకలు క్లాసులో ఎవరివో వేరే చెప్పక్కర్లేదు. పిల్లలు నా జడ వైపు చూసి ఒకటే నవ్వు! ఎడమ చక్రం దగ్గర కాగితం కూడా ఇరుక్కుంది. రెండూ సరిచేశాక మీటరుకు రెండు వేళ్ల తేడా మిగిలింది.

---

సోల్డరింగ్_మామ (కడప)

ఆ ఆర్డ్యునో బండ్ల సంగతేంటమ్మా? వాటికి చదరంగా ఉండే 9 వోల్టుల బ్యాటరీ గాని పెట్టినారా? ముప్పై ఏండ్లుగా రేడియోలు, మిక్సీలు బాగుచేస్తున్నా. ఇప్పుడు పిల్లోళ్లు ఈ బండ్లు కూడా తెస్తున్నారు. పదిలో ఏడింటికి జబ్బు ఆ బ్యాటరీనే.

---

అనంత_టీచరమ్మ

అవునండీ, అదే! కదలగానే బోర్డు మీద లైటు ఆరిపోయి మళ్లీ వెలుగుతోంది. బోర్డు పోయిందేమో అనుకున్నాం.

---

సోల్డరింగ్_మామ (కడప)

బోర్డుకేం కాలా. ఆ బ్యాటరీలో వోల్టులుంటాయి గానీ కరెంటు ఎక్కువ ఇవ్వలేదు. నిండు కుండకు సూది బెజ్జం పెట్టినట్టు. మోటారు మొదలయ్యేటప్పుడు ఒక్క గుక్కన లాగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, బోర్డు ఆగి మళ్లీ మొదలవుతుంది. మీరు చూసిన లైటు కత అదే.

చార్జింగ్ పెన్సిల్ సెల్లులు ఆరు, వాటికి ఆరు గళ్ల డబ్బా కొనండి. ఒక్కోటి 1.2 వోల్టులు, మొత్తం 7.2. మోటార్లను నడిపే ఎల్298ఎన్ డ్రైవరు బోర్డు సుమారు రెండు వోల్టులు తానే తినేస్తుంది, మిగిలిన ఐదు ఆ బండ్లకుండే పసుపుపచ్చ మోటార్లకు సరిగ్గా సరిపోతాయి. నాలుగు సెల్లులతో సరిపెట్టుకుంటే బండి ముసలెద్దు మాదిరి నడుస్తుంది.

18650 అనే లావు లిథియం సెల్లులు బలంగానే ఉంటాయి గానీ చిన్నపిల్లల చేతికి ఇవ్వొద్దు. అటూ ఇటూ వైర్లు తగిలినాయంటే కాలిపోతాయి. సోల్డరింగ్ కూడా మీరో, ఇంకో పెద్దోళ్లో చేయండి. ఐదో తరగతి బిడ్డలకు స్క్రూ బిగించే కనెక్టర్లు చాలు.

---

కడప_నాన్న (కడప)

మూడో ప్రశ్న గురించి ఎవరూ మాట్లాడట్లేదే? నేనూ ఒక నాన్ననే, నిర్మొహమాటంగా చెప్తా. మిగతా స్కూళ్ల పిల్లలు సొంతంగా చేస్తున్నారని మీరు నమ్ముతున్నారా? డబ్బు తీసుకుని రోబో చేసిచ్చే సెంటర్లున్నాయి. మా వాడిని అలాంటి ఒకదాంట్లో చేర్పించాను కూడా. అందరూ అట్లా వస్తుంటే మన పిల్లలు మాత్రం అట్టముక్కలతో పోయి ఓడిపోయి ఏడుస్తూ రావాలా? ఆ ఇంజినీరు నాన్న సాయం చేస్తానంటే తప్పేముంది?

---

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

సాయం వేరు, చేసిపెట్టడం వేరు అన్నా. మీ కోపం అర్థమవుతుంది. నేను కళ్లారా చూసింది ఒకటి చెప్తా.

ఒక పోటీలో మా పక్క టేబుల్ మీద ఒక రోబో. కట్టుడు చూస్తే ముచ్చటేసింది. జడ్జిగా వచ్చిన లెక్చరర్ మోకాళ్ల మీద కూర్చుని 'ఈ సెన్సర్ ముందు పెట్టావు గదా నాన్నా, వెనక పెడితే ఏమవుతుంది?' అని అడిగింది. బాబు జవాబు చెప్పకుండా గ్యాలరీలో ఉన్న వాళ్ల నాన్న వైపు చూశాడు. ఆమె ఇంకేమీ అడగలేదు, కాగితం మీద ఏదో రాసుకుని లేచింది. ఆ తర్వాత రౌండులో రోబో గీత తప్పింది. బాబుకు ఏ తీగ ముట్టుకోవాలో కూడా తెలీక అక్కడే నిలబడిపోయాడు. నాన్నను లోపలికి రానివ్వరు గదా.

పెద్ద పోటీల్లో ఈ పట్టింపు ఇంకా ఎక్కువ. వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్‌లో ప్రాక్టీసు టైములో కోచ్‌కు పిట్ ఏరియాలోకి, అంటే పిల్లలు రోబో సర్దుకునే చోటికి ప్రవేశమే లేదు. అందులో రోబోమిషన్ అనే విభాగంలో ఆ రోజు పొద్దున 'సర్‌ప్రైజ్ రూల్' అని కొత్త నిబంధన ఒకటి చెప్తారు. ఇంటి దగ్గర ఎంత బాగా చేసిచ్చినా దానికి పిల్లలే ప్రోగ్రాం మార్చుకోవాలి. ఫస్ట్ లెగో లీగ్ చాలెంజ్ అనే ఇంకో పోటీలో రోబో ఆటకు మొత్తం మార్కుల్లో నాలుగో వంతే. మిగతా మూడు వంతులూ రోబో డిజైను, ప్రాజెక్టు, టీము నడవడి. ఆ మూడింటికీ జవాబులు చెప్పాల్సింది పిల్లలే.

మేడం, ఆ ఇంజినీరు నాన్నను వద్దనకండి. క్లాసుకు పిలవండి. షరతు ఒకటే: చేతులు జేబులో పెట్టుకుని ప్రశ్నలు మాత్రమే అడగాలి.

---

కడప_నాన్న (కడప)

సరే, జడ్జీలందరూ మీరు చెప్పిన ఆమెలాగే ఉంటే ఒప్పుకుంటా. మేం పోయిన చోట గెలిచిన టీమును ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పాల్గొన్న ప్రతి పిల్లాడికీ మెడల్ ఇచ్చి, ఫొటోకు వేరే డబ్బులు అడిగారు.

---

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

అలాంటివీ ఉన్నాయి, కాదనను. డబ్బు కట్టేముందు రూల్సు కాగితం అడగండి. మార్కులు దేనికెన్ని అని అందులో లేకపోతే ఆ పోటీకి పోకండి.

---

బ్యాక్‌బెంచ్_బీటెక్ (అనంతపురం)

టీచర్ గారూ, గీత సంగతి నాకొదిలేయండి. లైన్ ఫాలోయర్ (గీత వెంట నడిచే రోబో) అంటే పీఐడీ పెట్టాల్సిందే, రోబో ఎంత పక్కకు జరిగిందో చూసి సరిదిద్దే లెక్క అది. కోడ్ రాసి పంపనా?

---

గుత్తి_టీచర్ (గుత్తి)

తమ్ముడూ, ఆగు. వాళ్లు తొమ్మిదేళ్ల పిల్లలు. మా వాళ్లకు ఇంకా దశాంశాలే సరిగ్గా రావు, పీఐడీ ఏం చెప్తావు? కోడ్ పంపడమంటే ఆ ఇంజినీరు నాన్న పనే మళ్లీ నువ్వు చేసినట్టు.

నేనెట్లా చెప్తానో చూడు. నేల మీద నల్ల ఇన్సులేషన్ టేపు వంకర్లుగా అతికిస్తా. ఒక బిడ్డకు కళ్లగంతలు కట్టి, చెప్పులు విప్పించి, టేపు అంచు మీద ఒక పాదం పెట్టమంటా. కాలికి టేపు తగిలితే కుడికి, తగలకపోతే ఎడమకు. పక్కోళ్లు ఏమీ చెప్పకూడదు. బిడ్డ అటూ ఇటూ ఊగుతూ పోతుంది గానీ దారి మాత్రం తప్పదు. రోబో నడవాల్సింది గీత మధ్యలో కాదు, గీత అంచు మీద అని దాంతో తెలిసిపోతుంది. చేలో గట్టు వెంట నడిచే పిల్లలు కదా, పట్టుకోవడానికి పది నిమిషాలు పట్టదు.

---

బ్యాక్‌బెంచ్_బీటెక్ (అనంతపురం)

అక్కా, తప్పయింది 🙏 నిజానికి మీరు చెప్పిన దాంట్లోనే పీఐడీలో మొదటిదైన 'పీ' ఉంది. అంచు నుంచి ఎంత దూరం జరిగితే అంత గట్టిగా తిరగాలి, కొంచెం జరిగితే కొంచెమే. కళ్లగంతల ఆటలో పిల్లలు వాళ్లంతట వాళ్లే అట్లా చేస్తారు.

స్పైక్‌లో లెక్క చాలా సులువు. కలర్ సెన్సర్ నేల నుంచి తిరిగొచ్చే వెలుతురును 0 నుంచి 100 మధ్య చూపిస్తుంది. తెలుపు మీద పెట్టి అంకె రాసుకోండి, నలుపు మీద పెట్టి రాసుకోండి. 90, 14 వచ్చాయనుకోండి, కలిపి సగం చేస్తే 52. అంచు మీద ఉంటే 52 కనబడాలి. కూడిక, రెండుతో భాగహారం వస్తే చాలు. సెన్సర్ నేలకు ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి.

అసలు ప్రమాదం వెలుతురు దగ్గరుంది. పొద్దున తీసుకున్న అంకెలు మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడగానే మారిపోతాయి. పోటీ జరిగేది మీ క్లాసులో కాదు కదా. అందుకే సగం అంకెను ప్రోగ్రాంలో శాశ్వతంగా రాసేయకండి, ప్రతి రౌండు ముందూ పిల్లలే కొలవాలి.

ట్రాక్ ఫ్లెక్స్ మీద ప్రింటు చేస్తారు, మెరుస్తుంది. మీరు చార్టు మీద ప్రాక్టీసు చేసి అక్కడికి పోతే తికమకపడతారు. ఒక పాత ఫ్లెక్స్ సంపాదించండి.

---

సోల్డరింగ్_మామ (కడప)

పాత ఫ్లెక్స్‌లకు మన సీమలో కరువా? ఏ లీడరు పుట్టినరోజో అయిపోయిన మర్నాడు పోతే కావాల్సినన్ని. వెనక తెల్లగా ఉంటుంది, దాని మీద టేపు వేయండి. మడత మాత్రం పెట్టొద్దు, చాప మాదిరి చుట్టండి. మడత పడిన చోట సెన్సర్ ఎగిరి తప్పు చదువుతుంది.

---

గుత్తి_టీచర్ (గుత్తి)

రెండో ప్రశ్న మిగిలింది, ఆడపిల్లల సంగతి. అది నాకు అన్నిటికన్నా మంట.

పదహారు మందిని నలుగురు చొప్పున నాలుగు జట్లు చేయండి. జట్టులో పనులు నాలుగు: కట్టడం, ప్రోగ్రాం, కొలవడం, రాయడం. పదిహేను నిమిషాలకోసారి విజిల్. విజిల్ పడితే ఎంత ముఖ్యమైన పని మధ్యలో ఉన్నా ఒక గడి కుడికి జరగాల్సిందే. మొదటి వారం మగపిల్లలు ఏడుస్తారు. 'ఇప్పుడే పట్టుకున్నా టీచర్' అంటారు. కరగొద్దు. కరిగితే మళ్లీ మొదటికొస్తుంది.

కిట్ ఒకటే అంటారా, ఒక జట్టు కిట్‌తో, రెండు జట్లు ఆర్డ్యునో బండ్లతో, నాలుగో జట్టు ఫ్లెక్స్ మీద కొలతలతో. మాకైతే కిట్టే లేదు. మాది ప్రభుత్వ పాఠశాల. అట్టపెట్టెలు, బండి చక్రాలు, ఎప్పుడో ఒకరిచ్చిన మైక్రోబిట్ అనే చిన్న బోర్డులు రెండు, అంతే. చిన్న భాగాలు పోకుండా ఇంట్లో వాడని పోపుల డబ్బా తెచ్చిపెట్టా. ఒక్కో గిన్నెలో ఒక్కో రకం. క్లాసు చివర డబ్బా నిండలేదంటే గేటు తీయను.

---

అనంత_టీచరమ్మ

అక్కా, విజిల్ ఐడియా రేపటి నుంచే. ఇంకొకటి, స్కూళ్లకు కేంద్రం ఇచ్చే అటల్ టింకరింగ్ ల్యాబ్ కోసం అప్లై చేయొచ్చు కదా అని మా హెచ్ఎం అడుగుతున్నారు.

---

గుత్తి_టీచర్ (గుత్తి)

ఆ ల్యాబులు ఆరు నుంచి పన్నెండో తరగతి వరకే. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టినప్పటి నుంచీ అదే లెక్క. స్కూలుకు 20 లక్షల దాకా ఇస్తారు, ప్రైమరీకి మాత్రం రాదు. కానీ మీ దగ్గర్లో ఏ హైస్కూల్లో ల్యాబ్ ఉందో కనుక్కుని ఆ హెచ్ఎంను అడగండి. మేం నెలకోసారి శనివారం మధ్యాహ్నం అట్లాగే పోతాం. అక్కడి తొమ్మిదో తరగతి పిల్లలు మా వాళ్లకు నేర్పిస్తుంటే నాకు కాఫీ తాగే టైము దొరుకుతుంది.

---

పత్తికొండ_పిల్ల_తల్లి (పత్తికొండ)

మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. మా పాపకు ఎనిమిదేళ్లు. పెద్ద పోటీల్లో ఈ వయసు పిల్లలకు చోటుందా?

---

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

ఉందమ్మా. వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్ ఎలిమెంటరీ విభాగం 8 నుంచి 12 ఏళ్ల వాళ్లకు. జట్టుకు ఇద్దరు లేదా ముగ్గురు, ఒక కోచ్. మొదలుపెట్టేటప్పుడు రోబో పొడవు, వెడల్పు, ఎత్తు 25 సెంటీమీటర్లు దాటకూడదు. ఫస్ట్ లెగో లీగ్‌లో ఎక్స్‌ప్లోర్ అనే విభాగం 6 నుంచి 10 ఏళ్ల వాళ్లకు. అందులో గెలుపోటముల హడావుడి లేదు, చేసింది చూపించి మాట్లాడటమే. చాలెంజ్ విభాగం మన దగ్గర 9 నుంచి 16 ఏళ్ల వాళ్లందరికీ ఒకటే. ఐదో తరగతి బిడ్డ పక్కన మీసాలొచ్చిన పదో తరగతి అబ్బాయి నిలబడతాడు. నా మాటైతే, ఎనిమిదేళ్లకు ఎక్స్‌ప్లోర్ మంచిది.

---

పత్తికొండ_పిల్ల_తల్లి (పత్తికొండ)

చాలా థాంక్స్ అండీ. ప్రాజెక్టు అంటున్నారు గదా, అదేం చేయాలి?

---

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

ఫస్ట్ లెగో లీగ్‌లో ఏటా ఒక అంశం ఇస్తారు. 2025-26 సీజన్‌కు పురావస్తు తవ్వకాల గురించి ఇచ్చారు. అది చూడగానే నాకు మీ పత్తికొండ వైపే గుర్తొచ్చింది. ఎర్రగుడి అశోకుడి శాసనాలు మీకు దగ్గరే. పిల్లల్ని తీసుకుపోయి, రాతి మీద అక్షరాలు ఎండకూ వానకూ ఎలా అరిగాయో చూపించండి. 'చేత్తో ముట్టుకోకుండా వీటిని ఎలా చదవాలి?' అని అడిగి ఊరుకోండి. టార్చిలైటు పక్క నుంచి వేస్తే నీడలో అక్షరం తేలుతుందని మా టీములో ఒక పాప కనిపెట్టింది. తవ్వకాల వాళ్లు నిజంగానే వాడే పద్ధతి అది, ఆ సంగతి పాపకు తెలీదు.

---

అనంత_టీచరమ్మ (మూడు వారాల తర్వాత)

అప్‌డేట్. విజిల్ పనిచేసింది. రెండో వారానికి మగపిల్లల అలక పోయింది. ఇంజినీరు గారు నిజంగానే చేతులు జేబులో పెట్టుకుని వస్తున్నారు. మొన్న ఒక్కసారి ఆగలేక బయటికి తీశారు, మూడో తరగతి పిల్ల 'అంకుల్, జేబు!' అంది. పాపం, మళ్లీ పెట్టేసుకున్నారు.

దూరం కొలవడం మాత్రం నాకే నచ్చింది. చక్రం ఒక చుట్టు తిరిగితే ఎంత దూరమో తెలియాలి. నాలుగో తరగతికి 'పై' (3.14) విలువ చెప్పలేను కదా. చక్రం మీద స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి, గోడ వారగా పది చుట్లు దొర్లించి టేపుతో కొలిచారు. 175 సెంటీమీటర్లు వచ్చింది. అంటే ఒక చుట్టుకు పదిహేడున్నర. కిట్‌తో వచ్చిన కాగితంలో కూడా అంతే ఉందని చూసి, 'వాళ్లు మనది చూసి రాశారా టీచర్?' అని ఒకడు.

కరెంటు పోయినప్పుడు కూడా ప్రాక్టీసు ఆపట్లేదు. చీకట్లో అంకెలు మారడం వాళ్లే చూసుకున్నారు. ఇప్పుడు సెన్సర్ చుట్టూ నల్ల చార్టుతో గుండ్రంగా కట్టారు. దానికి 'పావడా' అని పేరు.

---

బ్యాక్‌బెంచ్_బీటెక్ (అనంతపురం)

పావడా 😂 మా కాలేజీ ప్రాజెక్టులో ఇదే పెట్టి 'యాంబియెంట్ లైట్ షీల్డ్' అని రాసి మార్కులు కొట్టాం.

---

అనంత_టీచరమ్మ (పోటీ మర్నాడు)

రాత్రి ఇంటికొచ్చేసరికి తొమ్మిదైంది, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

మొదటి రౌండు ఘోరం. మా ట్రాక్ కిటికీ పక్కనే. సగం ఎండలో, సగం నీడలో. రోబో ఎండలోకి పోగానే గీత వదిలేసి గిరగిరా తిరిగింది. నాకు కాళ్లు వణికాయి. లోపలికి పోనివ్వరు, తాడు బయటే నిలబడ్డాను. పిల్లలు నా వైపు చూస్తారేమో అనుకున్నా. చూడలేదు. ఐదో తరగతి అమ్మాయి నోటుబుక్కు తీసి ఎండలో తెలుపు, నలుపు, నీడలో తెలుపు, నలుపు, నాలుగు అంకెలూ కొలిచి రాసింది. ఇంకో అబ్బాయి పావడాను కింద దాకా పొడిగించాడు, నేలకు వెంట్రుకవాసి ఎడం. రెండో రౌండులో డబ్బాలు రెండూ తోసి చివరి గడిలో ఆగింది. 1 నిమిషం 51 సెకన్లు.

ప్రైజు రాలేదు. మాకన్నా వేగంగా చేసినవాళ్లు చాలామందే ఉన్నారు. జడ్జి మాత్రం పావడా గురించే అడిగారు. నలుగురూ ఒకేసారి చెప్పబోతే ఆయన చెవులు మూసుకుని 'ఒక్కొక్కరే చెప్పండి' అన్నారు.

---

కడప_నాన్న (కడప)

మా వాడు కూడా నిన్న అక్కడికే వచ్చాడు మేడం, మూడో ప్రైజు. బస్సులో వస్తూ 'నాన్నా, పక్క టీము రోబోకు పావడా కట్టారు, ఎందుకు?' అని అడిగాడు. నాకు తెలీదన్నా. ఇప్పుడు ఇది చదివి చెప్పాను. వచ్చే నెల నుంచి సెంటర్ మాన్పించి ఇంట్లోనే కూర్చోబెడదామనుకుంటున్నా. ఆ పసుపుపచ్చ మోటార్లు కడపలో ఎక్కడ దొరుకుతాయి?

---

సోల్డరింగ్_మామ (కడప)

నా దగ్గరే నాలుగుండాయి. బాబును తీసుకొని ఆదివారం రాండి. నువ్వు బయట బెంచీ మీద కూర్చోవాల మరి.

---

అనంత_టీచరమ్మ

ఒక సాయం. హడావుడిలో స్పైక్ చక్రం రబ్బరు టైరు ఒకటి కాలేజీలోనే పోయింది. గుత్తి అక్కను చూసి మేమూ పెట్టుకున్న పోపుల డబ్బా నిండలేదు, ఇవాళ క్లాసులో అందరూ దిగులుగా ఉన్నారు. ఎవరి దగ్గరైనా విడిగా ఉందా?

---

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

పాత కిట్‌లోది ఉంది మేడం. మా తమ్ముడు ఎల్లుండి పొద్దున బస్సుకు అనంతపురం వస్తున్నాడు, వాడి చేతికిచ్చి పంపుతా. స్కూలు ఎక్కడో మెసేజ్ పెట్టండి.